శ్రుతిలో పడ్డ నవ్వు: టామ్సన్ హైవే రచనా శిల్పం

నాటకం మొదలయ్యేసరికి యాభై మూడేళ్ల పెలాజియా ప్యాచ్‌నోజ్ తన ఇంటి కప్పెక్కి ఉంటుంది. చేతిలో సుత్తి, పక్కన మేకులు. కప్పుకు మరమ్మతు చేస్తూనే ఊరిని చూసి విసుక్కుంటుంది. దుమ్ము లేచే మట్టిరోడ్లు, పనిలేక తిరిగే మగవాళ్లు, తాగుడు, చాడీలు. ఇక ఈ ఊళ్లో ఉండలేను, టొరంటో పోతానంటుంది. పక్కనున్న చెల్లెలు ఫిలమీనా ఆ మాటను నవ్వి కొట్టిపారేస్తుంది. కాసేపటికల్లా ప్రేక్షకుడికి ఊరు మొత్తం తెలిసిపోతుంది: ఎవరి ఇల్లు ఎటు, ఎవరికి ఎవరంటే పడదు, ఎవరి మొగుడు ఎక్కడ తిరుగుతున్నాడు. ఇదంతా ఎవరో పనిగట్టుకుని చెప్పినట్టు ఉండదు. ఇద్దరు అక్కచెల్లెళ్లు పని చేసుకుంటూ కబుర్లాడుకున్నట్టే ఉంటుంది. రచయిత వేసిన ఎత్తు చిన్నదే. పాత్రను కప్పు మీద కూర్చోబెట్టాడు. అక్కణ్నుంచి ఊరంతా కనిపిస్తుంది గనుక ఊరి గురించి మాట్లాడటానికి వేరే సాకు అక్కర్లేకపోయింది.

ఆ నాటకం ‘ద రెజ్ సిస్టర్స్’. కెనడాలో మూలవాసులకు కేటాయించిన రిజర్వు భూములను అక్కడివాళ్లు ముద్దుగా, కొంచెం వెటకారంగా ‘రెజ్’ అంటారు. 1986 నవంబరులో టొరంటోలోని నేటివ్ కెనడియన్ సెంటర్‌లో తొలిసారి ఆడింది. రాసింది టామ్సన్ హైవే, క్రీ జాతివాడు. అప్పటికి ఆయనకు ముప్ఫై అయిదేళ్లు నిండలేదు. మరుసటేడు టొరంటో రంగస్థలానికి ముఖ్యమైన డోరా మేవర్ మూర్ అవార్డు, ఆ తరవాత దేశమంతా ప్రదర్శనలు, 1988లో ఎడింబరో ఉత్సవం. మూలవాసుల నాటకం అంటే కెనడా పెద్దగా పట్టించుకోని రోజుల్లో ఒక రిజర్వులోని ఏడుగురు ఆడవాళ్ల గొడవ అంత దూరం ప్రయాణించింది.

హైవే ఆ తరవాత నాటకాల దగ్గర ఆగలేదు. నవల రాశాడు, పిల్లల బొమ్మల పుస్తకాలు రాశాడు, సంగీత నాటకాలకు పాటలు కట్టాడు, క్రీ భాషలో ఆపెరా రాశాడు, జ్ఞాపకాల పుస్తకం రాశాడు, పురాణాల మీదా భాషల మీదా ఉపన్యాసాలిచ్చాడు. ఇన్ని ప్రక్రియల్లో చెయ్యి పెట్టినవాళ్లను చూస్తే ఒక్కోచోట ఒక్కో మనిషి కనిపిస్తాడు. హైవేని వరసగా చదివితే మాత్రం ఒకే చేతిపని కనిపిస్తుంది. ఆయన పియానో ముందు నేర్చుకున్నాడు, రాయడం తరవాత మొదలుపెట్టాడు. ఏ ప్రక్రియ తీసుకున్నా గొంతులను శ్రుతి చేసుకోవడం, లయ మార్చడం, ఒక పల్లవిని దాచి తిరిగి తేవడం ఆయన మొదట చూసుకునే పనులు. ఆ కూర్పులో ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన స్వరం నవ్వు. దాన్ని ఎప్పుడూ దుఃఖానికి ఆనించే పెడతాడు.

మనిషి గురించి కొంచెం చెప్పుకోవాలి. 1951 డిసెంబరు 6న మానిటోబా రాష్ట్రపు ఉత్తర కొసన, తండ్రి బొచ్చు జంతువుల కోసం ఉచ్చులు పన్నే దారిలో, మంచు మీద వేసిన గుడారంలో పుట్టాడు. పన్నెండుమంది పిల్లల్లో పదకొండోవాడు. తండ్రి జో హైవే కారిబూ జింకల వేటగాడు, కుక్కబండి పందేల్లో పేరు మోసినవాడు. ఇంట్లో క్రీ, ఇరుగుపొరుగున డెనే భాష. ఇంగ్లీషు ఆరేళ్ల వయసులో, ఇంటికి దూరంగా ఉన్న గై హిల్ రెసిడెన్షియల్ స్కూల్లో వచ్చింది. ప్రభుత్వ ధనంతో చర్చిలు నడిపిన ఈ బడులు మూలవాసుల పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకుపోయి భాష, మతం, అలవాట్లు మాన్పించే పని పెట్టుకున్నాయి. వందేళ్లకు పైగా సాగిన ఆ వ్యవస్థలో దాదాపు 1,50,000 మంది పిల్లలు చదివారు. 2008లో ప్రధానమంత్రి స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అక్కడే హైవేకి పియానో కూడా దొరికింది. విన్నిపెగ్‌లో హైస్కూలు, తరవాత యూనివర్సిటీ ఆఫ్ వెస్టర్న్ ఒంటారియో నుంచి 1975లో సంగీతంలో పట్టా, మరుసటేడు ఇంగ్లీషు సాహిత్యంలో మరొకటి. కచేరీ వేదిక ఎక్కగలిగినంత చదువు చదివి కూడా ఆ దారి వదిలేశాడు. ఏడేళ్లు మూలవాసుల సంస్థల్లో సంఘ సేవ చేశాడు. రిజర్వుల్లో, జైళ్లలో, నగరాల వీధుల్లో తనవాళ్లను దగ్గరగా చూసిన కాలం అది. ఆ ఏడేళ్లలో విన్న గొంతులే నాటకాల్లోకి వచ్చాయి.

‘రెజ్ సిస్టర్స్’ కథ ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది. హ్యూరన్ సరస్సులోని మానిటూలిన్ ద్వీపంలో, వాసేచిగన్ హిల్ అనే కల్పిత రిజర్వులో ఉండే ఏడుగురు ఆడవాళ్లు, టొరంటోలో జరగబోయే ‘ప్రపంచంలోకెల్లా పెద్ద బింగో’ ఆడటానికి డబ్బు పోగేసుకుని బయలుదేరతారు. బింగో అంటే మన క్లబ్బుల్లో ఆడే హౌసీ, తంబోలా లాంటిదే: పిలిచిన అంకెను కార్డు మీద కొట్టేసుకోవడం. ఈ నాటకానికి ఫ్రెంచి కెనడా నాటకకర్త మిషెల్ ట్రెంబ్లే ప్రేరణ ఉంది. ఆయన 1968 నాటకం ‘లే బెల్ సర్’లో మాంట్రియాల్ కార్మికవాడ ఆడవాళ్లు వంటింట్లో చేరి గొడవపడతారు, వాళ్లకూ బింగో పిచ్చే. హైవే అప్పు తీసుకున్న సంగతి దాచుకోలేదు. తీసుకున్నదాన్ని వంటింట్లోంచి ఆరుబయటికి లాగి, ఇంటి కప్పు మీదా దుకాణం ముందూ హైవే రోడ్డు మీదా పరిచాడు.

ఏడుగురికీ ఏడు కోరికలు. ఫిలమీనాకు వెడల్పాటి, తెల్లటి, కొత్త టాయిలెట్ కావాలి. పెలాజియాకు ఊరి రోడ్లన్నీ తారు వేయించాలని. వెరొనిక్ సెయింట్ పియర్‌కు పెద్ద పొయ్యి. ఆనీ కుక్‌కు గ్రామఫోను, ప్యాట్సీ క్లైన్ రికార్డులు. పద్నాలుగుమంది పిల్లల తల్లి, క్యాన్సరుతో పోతున్న మరీ-అడెల్‌కు పిల్లలూ మొగుడూ తనూ ఉండటానికి ఒక దీవి. కోరిక ఒక వస్తువు అయ్యేసరికి దాన్ని నటి చేత్తో చూపించగలదు, కొలత చెప్పగలదు, ఇంకొకత్తె దాన్ని వెక్కిరించగలదు. టాయిలెట్ కావాలంటే హాలు నవ్వుతుంది. నవ్విన కాసేపటికి ఆ ఊళ్లో సరైన మరుగుదొడ్డి కూడా గగనమేనన్న సంగతి తడుతుంది. ఆ రెండో ఆలోచనను రచయిత ఎక్కడా నోటితో చెప్పడు. నవ్వు తగ్గేదాకా ఆగి తరవాతి మాటకు పోతాడు.

గొంతుల కూర్పు చూడండి. పెలాజియా వాక్యాలు గట్టిగా, తెగ్గొట్టినట్టు ఉంటాయి. ఫిలమీనా వాగ్ధాటిలో అలంకారాలు ఎక్కువ. ఆనీ మాట ఎప్పుడూ పరుగే, ఎక్కడికో వెళ్లే తొందరలో ఉంటుంది. వెరొనిక్ దాదాపు ప్రతి మాటకీ పక్కవాళ్ల తప్పు ఒకటి తగిలిస్తుంది. ఎమిలీ డిక్షనరీ ఒకప్పుడు మోటారుసైకిలు ముఠాతో తిరిగిన మనిషి, బూతు లేకుండా నోరు తెరవదు. పాత్ర పేరు చెరిపేసి డైలాగు మాత్రమే వినిపించినా ఎవరిదో చెప్పవచ్చు. మొదటి అంకంలో ఈ గొంతులు ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా కలుస్తాయి. దుకాణం దగ్గర మాత్రం పాత కక్షలన్నీ ఒక్కసారి పేలి ఆడవాళ్లు ఒకేసారి అరుచుకుంటారు. ఎవరి తిట్టూ విడిగా అర్థం కాదు, అర్థం కావాలని రచయితా అనుకోలేదు. అది శబ్దంగా వినాల్సిన ఘట్టం. తరవాత డబ్బు కూడబెట్టే ఘట్టం పెట్టాడు. అక్కడ మాటలు దాదాపు ఉండవు. సీసాలు ఏరడం, రొట్టెలు కాల్చి అమ్మడం, పాత సామాను అమ్మడం, అన్నీ తాళానికి అడుగులు వేసినట్టు చకచకా సాగిపోతాయి. గోల తరవాత మూకాభినయం. పుస్తకంలో ఇది ఒక్క రంగస్థల సూచనగా కనబడుతుంది. వేదిక మీద అది నాటకం ఊపిరి మార్చుకునే చోటు.

ఆ తరవాత రాత్రి ప్రయాణం. వ్యానులో కూర్చున్నాక గొంతులు తగ్గుతాయి. వెలుతురు ఇద్దరి మీద పడుతుంది, మిగతావాళ్లు చీకట్లో ఉంటారు. టైరు పంచరవుతుంది. మరీ-అడెల్‌కు చావు భయం ముంచుకొస్తుంది. బూతుల ఎమిలీ తను ప్రేమించిన స్త్రీ లారీకి ఎదురు వెళ్లి చనిపోయిన వైనం చెబుతుంది. అంతదాకా ఆమె గొంతులో ఉన్న కరకుదనం దేన్ని కప్పి పెట్టిందో అప్పుడు తెలుస్తుంది. ఈ మాట మొదటి అంకంలో వచ్చి ఉంటే జాలికథ అయిపోయేది. అంత గోల, అంత వెటకారం విన్నాక వచ్చింది గనుక ఆ నిశ్శబ్దానికి బరువు వచ్చింది.

నాటకం మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే చోటు ఇంకొకటి ఉంది. వెరొనిక్ పెంచుకున్న జబూనిగన్ ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, బుద్ధి ఎదగని పిల్ల. తెల్లటి సీగల్ పక్షి రూపంలో ఉన్న నానబుష్ అనే టక్కరి దేవతతో ఆమె ఒంటరిగా మాట్లాడుతుంది. ఇద్దరు తెల్ల కుర్రాళ్లు తనను ఎత్తుకుపోయి ఏం చేశారో, చేతిలో ఏ పనిముట్టు ఉందో చెబుతుంది. గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. వాళ్లు తనకు ఒక ఆటబొమ్మ చూపించినట్టే చెబుతుంది. ఆ పిల్ల మాటల్లో లేని నొప్పినంతా పక్షి తన ఒంట్లోకి తీసుకుని మెలికలు తిరుగుతుంది. మాట ఒకరిది, బాధ ఇంకొకరి దేహానిది. 1971లో మానిటోబాలోని ద పా పట్టణం దగ్గర హెలెన్ బెట్టీ ఆజ్‌బోర్న్ అనే క్రీ యువతిని చంపిన ఘోరం ఆ ప్రాంతంవాళ్లెవరికైనా ఇక్కడ గుర్తుకొస్తుంది. హైవే ఆ పేరు ఎత్తలేదు, తీర్పూ చెప్పలేదు. తొలి ప్రదర్శనలో ఆ పక్షిగా ఆడినవాడు ఆయన సొంత తమ్ముడు, నర్తకుడు రెనే హైవే. రాసేటప్పుడే ఆ దేహాన్ని దృష్టిలో పెట్టుకుంటే తప్ప ఇలాంటి ఘట్టం పుట్టదు.

ఇక బింగో. టొరంటో చేరగానే ప్రేక్షకుల్ని కూడా ఆటలో కూర్చోబెడతాడు. కార్డులు పంచి ఒక ఆట నిజంగా ఆడిస్తారు. అంతదాకా ఈ ఆడవాళ్ల వెర్రిని చూసి నవ్వినవాడు, తన కార్డు మీద ఒక అంకె మిగిలిపోయేసరికి తనూ ముందుకు వంగి కూర్చుంటాడు. దూరం అక్కడ చెరిగిపోతుంది. ఆ వెంటనే అసలు ఆట. అంకెలు రాక ఆడవాళ్లు వేదిక మీదికి ఎగబడతారు. ఆ గందరగోళంలోంచి తళతళలాడే దుస్తుల బింగో మాస్టరు మరీ-అడెల్‌తో వాల్ట్జ్ నాట్యం చేస్తూ నల్లటి రాత్రి పక్షిగా మారతాడు. బింగో మాస్టరూ నానబుషే. జూదం హాలు మధ్యలో ఆమె చావు అలా వస్తుంది, నాట్యం ఆపకుండా. ఫార్సుకూ మరణానికీ మధ్య తెర దించి లేపే పని పెట్టుకోలేదు. కాళ్లు అదే తాళంలో ఉన్నాయి, రాగం మాత్రం మారింది.

చివరికి ఎవరికి ఏం దక్కింది? ఫిలమీనాకు చిన్న బహుమతి వస్తుంది, టాయిలెట్ వస్తుంది. ఆనీ బ్యాండులో పాడుతుంది. వెరొనిక్ మరీ-అడెల్ ఇంట్లో చేరి ఆమె పొయ్యి మీద ఆమె పిల్లలకు వండుతుంది. కోరిన పొయ్యి దొరికింది, దొరికిన తోవ మాత్రం ఎవరూ కోరుకోనిది. పెలాజియా మళ్లీ కప్పెక్కి మేకులు కొడుతుంది. రోడ్లు అలాగే ఉన్నాయి. సంగీతం తెలిసినవాడు మొదటి స్వరానికి తిరిగి వచ్చే పద్ధతి ఇది. మధ్యలో విన్నదంతా కలిసిన తరవాత అదే స్వరం వేరుగా వినిపిస్తుంది. ఆమె వెనక నానబుష్ ఆడుతుంటాడు, ఆమెకు కనబడదు, మనకు కనబడుతుంది.

ఈ నానబుష్ ఎవరు? ఒజిబ్వే వాళ్లు నానబుష్ అనీ క్రీ వాళ్లు వీసాకేజాక్ అనీ పిలిచే టక్కరి దేవత. సగం దేవుడు, సగం విదూషకుడు, ఏ రూపమైనా ఎత్తగలడు. హైవే దృష్టిలో ఉత్తర అమెరికా మూలవాసుల పురాణాలకు ఈ టక్కరి లేకపోతే మధ్యస్తంభమే లేదు. క్రీ భాషలో మగ, ఆడ అనే వ్యాకరణ భేదం లేదు. ప్రాణమున్నవి, లేనివి అన్నదే భేదం, దాన్లో రాయి కూడా ప్రాణమున్నదే. అందుకే టక్కరికి లింగం తప్పనిసరి కాదని ఆయన పదేపదే చెబుతాడు. ఏకవచనంలో స్త్రీకీ పశువుకీ ఒకే క్రియ వాడే వ్యాకరణంలో పెరిగిన తెలుగువాళ్లకు, భాష ముందే గీసిన గీతల్లోనే లోకాన్ని చూస్తామన్న ఆయన వాదన అంత వింతగా అనిపించదు. ఈ సిద్ధాంతం ఉపన్యాసంలో కాక నటుల ఎంపికలో తేలడం చూడాలి. ఆడవాళ్ల నాటకంలో టక్కరిగా మగ నర్తకుడు. దాని జంటగా రాసిన మగవాళ్ల నాటకంలో టక్కరిగా స్త్రీ.

ఆ జంట నాటకం ‘డ్రై లిప్స్ ఆటా మూవ్ టు కాపుస్కేసింగ్’. 1989లో టొరంటోలో థియేటర్ పాస్ మురాయిలో వచ్చింది, 1991లో అదే నగరంలోని పెద్ద వాణిజ్యశాల రాయల్ అలెగ్జాండ్రాకు ఎక్కింది. ఊరు అదే. ఈసారి ఏడుగురు మగవాళ్లు. ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి హాకీ జట్టు కట్టారన్న వార్తతో వీళ్ల ప్రపంచం తల్లకిందులవుతుంది. ఆ ఆడవాళ్లెవరూ వేదిక మీదికి రారు, నానబుష్ ఒక్కతే వాళ్ల రూపాలన్నీ ఎత్తుతుంది. మ్యాచ్ జరుగుతుంటే వాళ్లలో ఒకడైన బిగ్ జోయి చెప్పే వ్యాఖ్యానం క్రీ, ఒజిబ్వే భాషల్లో పరుగెడుతుంది, మధ్యమధ్య ఇంగ్లీషు ముక్కలు. భాష రాని ప్రేక్షకుడికి కూడా ఆట అర్థమైపోతుంది, ఎందుకంటే క్రీడా వ్యాఖ్యానపు లయ ఏ భాషలోనైనా అదే. మాట కన్నా ముందు లయను నమ్మిన రచయితే ఈ సాహసం చేస్తాడు.

‘డ్రై లిప్స్’లో నవ్వు పక్కన పెట్టిన దుఃఖం మరీ దారుణం. తాగుబోతు తల్లి కడుపున పుట్టడంతో బుద్ధి దెబ్బతిన్న కుర్రాడు డికీ బర్డ్, శిలువనే ఆయుధం చేసుకుని ఒక స్త్రీ మీద అత్యాచారం చేస్తాడు. పాత డప్పునూ నాట్యాన్నీ తిరిగి తేవాలనుకున్న సైమన్ స్టార్‌బ్లాంకెట్ తన తుపాకీ పేలి చనిపోతాడు. జాకరీ అనేవాడు ఆకాశం కేసి దేవుణ్ని నిలదీస్తాడు. అప్పుడు మబ్బుల మధ్య టాయిలెట్ మీద, తెల్ల గడ్డం, ఎత్తు మడమల చెప్పులు వేసుకుని, గోళ్లు అరగదీసుకుంటూ నానబుష్ కనిపిస్తుంది. జవాబు చెప్పని దేవుడికి అంతకన్నా కఠినమైన బొమ్మ నేను ఎక్కడా చూడలేదు. చివర జాకరీ తన ఇంట్లో సోఫా మీద మేల్కొంటాడు, అంతా కల. భార్య, పసిపాప, నవ్వు.

ఈ నాటకాన్ని కొందరు స్త్రీ విమర్శకులు గట్టిగానే నిలదీశారు. ఆడవాళ్ల మీద హింసను బొమ్మ కట్టి చూపించడం, ఆడ పాత్రలన్నిటినీ దేహపు అవయవాలకు కుదించడం, చివర కల అని తప్పించుకోవడం, ఇవి వాళ్ల అభ్యంతరాలు. తేలిగ్గా తీసెయ్యగలిగినవి కావు. హింస మగవాళ్ల కలలోదని, శిలువ మోసుకొచ్చిన మతం స్త్రీ దేవతను ఎలా గాయపరిచిందో చూపడమే ఉద్దేశమని సమర్థించేవాళ్లూ ఉన్నారు. నా మట్టుకు, కల అనే ముగింపు నాటకం చేసిన గాయానికి చాలిన కట్టు కాదు. కట్టడంలో మాత్రం లోపం లేదు. మొదట ఎవరి సోఫా మీదో బట్టల్లేకుండా పడి ఉన్న జాకరీ, చివర అదే తీరులో తన సోఫా మీద ఉంటాడు. మొదటి నాటకంలో చేసిన పనే ఇది, స్థాయి మార్చి వాయించాడు. ఈ ఊరి మీద ఏడు నాటకాలు రాయాలనుకున్నాడు. మూడోది ‘రోజ్’ అనే సంగీత నాటకం, అది 2000లో టొరంటో విశ్వవిద్యాలయంలో గానీ వేదికెక్కలేదు.

నాటకాలు అంత పేరు తెచ్చినా పెద్ద నాటకశాలలు వాటిని తరచుగా ఆడలేదు. మూలవాసుల పాత్రలకు మూలవాసులే కావాలని, అంతమంది నటులు దొరకరని దర్శకులు వెనకాడారు. 2001 ప్రాంతంలో హైవే ఈ వైఖరిని ఎగతాళి చేస్తూ ఒక వ్యాసం రాశాడు. తన పాత్రల్ని ఎవరైనా ఆడొచ్చని, ఆడకుండా అటక మీద పెట్టడమే అసలు అన్యాయమని ఆయన వాదన. 2011లో టొరంటో ఫ్యాక్టరీ థియేటర్ రకరకాల జాతుల నటీమణులతో ‘రెజ్ సిస్టర్స్’ ఆడింది. 2021లో స్ట్రాట్‌ఫర్డ్ ఉత్సవంలోనూ ఆ నాటకం ఎక్కింది.

మధ్యలో 1990లో తమ్ముడు రెనే ఎయిడ్స్‌తో చనిపోయాడు. ఎనిమిదేళ్లకు వచ్చిన నవల ‘కిస్ ఆఫ్ ద ఫర్ క్వీన్’ ఆ తమ్ముడి కోసం రాసిందే. ఇద్దరు క్రీ అన్నదమ్ములు, చాంపియన్, ఊనీమీటూ. బడిలో వాళ్ల పేర్లు జెరెమాయా, గేబ్రియల్ అయిపోతాయి. పెద్దవాడు పియానో వాదకుడు, చిన్నవాడు నర్తకుడు. బడిలో మతగురువు చేసిన లైంగిక హింస ఇద్దరి ఒంట్లోనూ మాట లేకుండా మిగిలిపోతుంది. నవల ఆరు భాగాలు. వాటి పేర్లు పాశ్చాత్య సంగీతంలో వేగాన్ని సూచించే ఇటాలియన్ మాటలు. ఉల్లాసంగా కానీ అతి వేగం లేకుండా మొదలై, పాడుతున్నట్టు నెమ్మదించి, లాలిత్యంగా సాగి, ఉద్రిక్తమై, భావగర్భితమైన విలంబంలోకి దిగి, ఆఖరి భాగం నిప్పులా ద్రుతంలో ముగుస్తుంది. పేర్లు అలంకారానికి పెట్టినవి కావు. తమ్ముడి చావు వచ్చే చోట నవల నెమ్మదిస్తుందని ఎవరైనా అనుకుంటారు, అక్కడే అది అన్నిటికన్నా వేగంగా పరుగెడుతుంది.

నాటకంలో కుదరనిది నవలలో ఏం చేశాడు? ముద్దు అనే పల్లవిని మూడు వందల పేజీల మీద మోశాడు. 1951 కుక్కబండి పందెం గెలిచిన తండ్రి అబ్రహాం బుగ్గ మీద అందాల రాణి ‘ఫర్ క్వీన్’ ముద్దు పెడుతుంది. ఆ ఫొటో ఇంటి గోడ మీదికి ఎక్కుతుంది. ఆ ముద్దులోంచే, ఆకాశంలోంచి రాలినట్టు, ఈ అన్నదమ్ముల్లో పెద్దవాడు పుడతాడు. తరవాత ముద్దు అనేది భయపెట్టే చోట్ల, కోరికలో, చావు పక్కన మళ్లీ మళ్లీ వస్తుంది. తెల్ల బొచ్చు తొడిగిన ఆ రాణి కూడా టక్కరే అని మనకు నెమ్మదిగా తెలుస్తుంది. వేదిక మీద నానబుష్‌ను చూపించాలంటే ఒక దేహం కావాలి. నవలలో ఒక బొచ్చు అంచు, కన్ను గీటడం చాలు.

ఒకే సరుకును రెండు ప్రక్రియల్లో ఎలా మలిచాడో చూడాలంటే కారిబూ మందను చూడాలి. నవలలో చిన్నపిల్లాడు పరుగెత్తే కారిబూల మధ్యలో చిక్కుకుంటాడు, అన్న వాడి కోసం దూకుతాడు. అక్కడ భయమూ ఆనందమూ కలిసే ఉంటాయి, పెద్దయ్యాక జరగబోయేవాటి నీడ కూడా ఉంటుంది. 2001లో వచ్చిన ‘కారిబూ సాంగ్’ పిల్లల బొమ్మల పుస్తకం. అందులో జో అకార్డియన్ వాయిస్తుంటే తమ్ముడు కోడీ ఆడతాడు, అడవిలోంచి రెండు వేల కారిబూలు దూసుకొస్తాయి. అమ్మానాన్నలు హడలిపోయి వెతికితే పిల్లలు పెద్ద బండ మీద చేతులు చాచుకుని నవ్వుతుంటారు. వాక్యాలు చిన్నవి, ఒక పేజీకి గుప్పెడు. ఇంగ్లీషు వాక్యాలతో పాటు అదే పేజీలో క్రీ వాక్యాలు. బాధ అంతా తీసేసి ఆనందాన్నే ఉంచాడు. ఆ ఆనందం తేలిపోకుండా నిలబడటానికి కారణం కొలత: రెండు వేల జంతువులు, ఇద్దరు పిల్లలు, ఒక బండ. ఈ పుస్తకం తరవాత ‘డ్రాగన్‌ఫ్లై కైట్స్’, ‘ఫాక్స్ ఆన్ ది ఐస్’ వచ్చాయి, మూడింటికీ బొమ్మలు బ్రయన్ డైన్స్‌వి.

2004లో కామ్లూప్స్‌లో ఆడిన ‘అర్నెస్టీన్ షుస్వాప్ గెట్స్ హర్ ట్రౌట్’ ఆయన చేతిపనికి మరో మంచి నమూనా. 1910 ఆగస్టులో ప్రధాని విల్‌ఫ్రిడ్ లారియే ఆ ఊరికి వచ్చాడు. ఆ ప్రాంతపు మూలవాసుల పెద్దలు తమ భూముల హక్కు గురించి ఆయనకు మహజరు ఇచ్చారు. నాటకంలో ఆ పెద్దలు కనిపించరు. ప్రధాని విందుకు వండే నలుగురు ఆడవాళ్లు కనిపిస్తారు. ఒకరు పళ్ల పైలు చేస్తారు, ఒకరు బీవర్ మాంసం ఉడికిస్తారు, ఒకరు బల్లగుడ్డ కుడతారు, ఒకరు చేప కోసం ఎదురుచూస్తారు. ఈ పనుల మధ్యనే చేపలు పట్టొద్దు, బెర్రీలు కోయొద్దు అన్న ఆంక్షలు ఒక్కొక్కటే వచ్చి పడుతుంటాయి. అతిథి కోసం వండుతున్నవాళ్లకు వంటకు కావాల్సిందే నిషిద్ధమైపోతుంది. మహజరులోని మాటల్ని ఆ ఆడవాళ్ల నోటే పలికించాడు. ఈ నాటకాన్ని నలుగురు నటీమణులకు రాసిన తంత్రీవాద్య చతుష్టయం అని హైవేనే ఉపశీర్షిక పెట్టుకున్నాడు. విమర్శకులు వెతుక్కోవాల్సిన మాట ఆయనే అందించాడు.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. ‘ద (పోస్ట్) మిస్ట్రెస్’ ఒక్క నటి నడిపే సంగీత నాటకం. చిన్న ఊరి పోస్టాఫీసు ఉద్యోగి మూసి ఉన్న కవరులోని ఉత్తరం చదవగలదు, క్రీ, ఫ్రెంచి, ఇంగ్లీషు పాటలు పాడుతుంది. 2008లో వచ్చిన ‘పిమూటీవిన్’ ఆపెరాకు క్రీలో పాఠం ఆయనది, సంగీతం మెలిస్సా హుయి. ఇవి సరదాగా ఉంటాయి, మొదటి రెండు నాటకాల సాంద్రత వీటిలో కనిపించదు. పాటే ముందుకొచ్చినప్పుడు ఆయన మాట కొంచెం విశ్రాంతి తీసుకుంటుంది. మాటలోనే సంగీతం దాచాల్సి వచ్చినప్పుడే ఆయన ఉత్తమ రచయిత.

డెబ్బయ్యో పడికి దగ్గరలో, 2021లో ‘పర్మనెంట్ అస్టానిష్‌మెంట్’ వచ్చింది. తొలి పదిహేనేళ్ల జ్ఞాపకాలు. కెనడాలో కాల్పనికేతర రచనకు ఇచ్చే హిలరీ వెస్టన్ రైటర్స్ ట్రస్ట్ బహుమతి అందుకుంది. మరీ దుఃఖించొద్దు, ఆనందంగా ఉండమని చనిపోయే ముందు తమ్ముడు కోరిన కోరికే ఈ పుస్తకానికి శ్రుతి. బడి గురించి ఆయన తీరు కొందరికి మింగుడుపడలేదు. జరిగిన హింసను దాచకుండానే, తనకు అక్కడ పియానో, చదువు, స్నేహాలు దొరికాయని అంటాడు. ఆ బడుల బాధితులు వేలల్లో ఉన్న దేశంలో ఈ మాట ఇబ్బంది పెడుతుంది, పెట్టాలి కూడా. నవలలో అదే అనుభవాన్ని ఎంత చీకటిగా రాశాడో తెలిసిన పాఠకుడు రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుంటే, ఇందులో మరపు లేదని అర్థమవుతుంది. ఒకే బాల్యాన్ని రెండు స్థాయిల్లో వాయించాడు. 2022లో ఆయన ఇచ్చిన మేసీ ఉపన్యాసాలు ‘లాఫింగ్ విత్ ద ట్రిక్‌స్టర్’ పేరుతో పుస్తకమయ్యాయి. క్రైస్తవ, గ్రీకు, క్రీ పురాణాలను పోల్చి, ఏడ్పించే దేవుడి కన్నా నవ్వించే దేవతే మనిషికి మేలని అక్కడ వాదించాడు. వాదంగా చూస్తే అందులో గ్రీకులకూ క్రైస్తవులకూ పూర్తి న్యాయం జరగలేదు, పోలికలు మరీ నున్నగా ఉంటాయి. నాటకాల్లో ఆయన అదే సంగతి వాదం లేకుండా నిరూపించాడు.

కొత్తగా చదివేవాళ్లు ‘రెజ్ సిస్టర్స్’తో మొదలుపెట్టడం మంచిది, వీలైతే పైకి చదువుతూ, ఏడు గొంతులూ విడివిడిగా పట్టుకుంటూ. తరవాత నవల, ఆ వెంటనే ‘కారిబూ సాంగ్’. ఆ మూడూ అయ్యాక ఆయన ఎన్ని ప్రక్రియల్లో రాశాడన్న లెక్క అంత ముఖ్యం అనిపించదు. నష్టపోయినవాళ్ల కథ చెప్పే రచయితలు ఎక్కువమంది పాఠకుణ్ని ముందే దుఃఖానికి సిద్ధం చేస్తారు. హైవే ముందు నవ్వించి, ఆ నవ్వుతో ఆ మనుషుల్ని మనకు దగ్గర చేస్తాడు. దెబ్బ తగిలేసరికి వాళ్లు మనకు పరాయివాళ్లుగా ఉండరు. నవ్వును ఆయన ఉపశమనం కోసం వాడలేదు, అన్యాయపు కొలత చూపించడానికి వాడాడు. వెనకబడిన జాతుల బతుకు రాయాలనుకునే ఏ భాష రచయితకైనా ఆయన దగ్గర నేర్చుకోవాల్సిన మొదటి పని అదే.